సమస్యాపూరణం: వాన లేదు గాని వరద వచ్చె

నిర్వాహకుడు:
ఈ పాదం పొద్దుట్నించీ నాలుక మీద ఆడుతోంది. ఇదే నాలుగో పాదం అయ్యేలా, అర్థం కుదిరేలా, పై మూడు పాదాలూ పూరించండి. మన గోదావరి జిల్లాల రోజువారీ గొడవలు, రేవు, కాలువ, ఆటలు, ఇవే రావాలి. ఇంద్రసభ వద్దు. గడువు శనివారం రాత్రి.

గౌతమిగట్టు:
ఎగువ నడవిలోన నేకధారగఁ బట్టి
కురిసి కురిసి నీరు కూడి పారి
గట్టు నంటె నేఁడు, గగనమ్ము నీలమే;
వాన లేదు గాని వరద వచ్చె

లాకులమావయ్య:
పద్యం శుద్ధం. 'పట్టి కురిసి' చక్కగా పడింది. కానీ ఇది పూరణ కాదబ్బాయ్, వార్త. గోదావరి మధ్య లంకల్లో ఉన్నవాడికి ఈ పాదంలో చిక్కెక్కడుంది? శబరి, ఇంద్రావతి పొంగితే ఇక్కడ ఎండ కాస్తుండగానే నీళ్లొస్తాయి. భద్రాచలంలో 43 అడుగులు, మొదటి హెచ్చరిక అన్నారంటే గేదెల్ని గట్టెక్కిస్తాం. ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక 11.75 అడుగులు అయ్యేలోపు అరటి గెలలు పచ్చివైనా కోసేస్తాం. సమస్య అన్నాక ముడి ఉండాలి, దాన్ని విప్పాలి.

గౌతమిగట్టు:
ముడి లేకపోతే పాదం ఇచ్చినవారినడగండి మావయ్య గారూ. ఆ పచ్చి గెలలు పెట్టి మీరో పద్యం రాయండి, చదువుతాం.

అరటితోట:
పోయిన సంక్రాంతికి ఆత్రేయపురం కాలువలో పడవ పందేలు చూశాను. అది తలుచుకుని:

పండుగొచ్చె, బస్సు పట్టనంత జనము
కొలువు విడిచి యూరు కొచ్చినారు
పడవ పందెములకు గట్టెల్ల జనులాయె
వాన లేదు గాని వరద వచ్చె

వశిష్ఠరేవు:
జనాన్ని వరద చేశారు, బాగుంది. పుష్యమాసంలో వాన లేదన్నా ఎవరూ కాదనరు. మూడో పాదంలో మాత్రం యతి పోయింది, పాదం మొదటి అక్షరానికి నడుమ అక్షరం కలవలేదు. 'ప'కి 'గ' ఎక్కడ కలుస్తుందండీ? 'గట్టెల్ల జనులాయె' తీసి 'బారులు దీరిరి' వేసేయండి, సరిపోతుంది. 'కొచ్చినారు' వాడుక సంధి, నేనైతే చూసీచూడనట్టు వదిలేస్తాను.

లాకులమావయ్య:
నేను వదలను. పైగా 'కొలువు విడిచి' అంటే ఉద్యోగం మానేసి అని. పాపం మూడు రోజుల సెలవు మీద వచ్చినవాళ్లకి నౌకరీ పీకేస్తే ఎలాగమ్మా? 'సెలవు పెట్టి యూరు చేరినారు' అను. అర్థమూ నిలుస్తుంది, ఆ సంధి పీడా పోతుంది.

అరటితోట:
రెండూ మార్చుకున్నాను మావయ్య గారూ. 'సెలవు పెట్టి' ఎంతో బాగుంది.

పంటురేవు:
పులస పేరు వినఁగఁ బొలమును విడిచితి
వేలు పోసి యైన విడువరాదు
ఎఱ్ఱనీటి నెదిరి యీఁదుచు మనవైపు,
వాన లేదు గాని, వరద! వచ్చె

వరద మా పక్క చేను ఆసామి. వచ్చింది పులస.

నిర్వాహకుడు:
నేను పాదం ఇచ్చింది ఈ విరుపు కోసమే! సముద్రంలో ఇలసగా ఉన్న చేప ఎర్రనీటికి ఎదురెక్కి పులస అవుతుంది. ఆ ఎదురీత మూడో పాదంలో కళ్లకు కట్టింది.

వశిష్ఠరేవు:
సంబోధన విరుపు పాతదే. నాది చూడండి.

కోటిపల్లి కడను గూరుకుపోయెను
పంటు మేటలందు, పారు నీరు
చేర శ్రావణమ్ము శివరాత్రి తిథి నుత్స
వాన లేదు గాని వరద వచ్చె

గౌతమిగట్టు:
'ఉత్స-వాన' అని పాదం అంచున విరవడం దెబ్బ. మాకెవరికీ తట్టలేదు. ముక్తేశ్వరం నుంచి శివరాత్రికి వెళ్లేవాళ్లకి రేవు దాటించే పంటు పడవ ఇసుకలో దిగబడితే ఎలా ఉంటుందో తెలుసు. కానీ 'చేర శ్రావణమ్ము' నీరుకీ లేదుకీ మధ్య అడ్డం పడింది. అది గెంతి వెళ్లి 'వరద వచ్చె' పక్కన కూర్చోవాలి. దూరాన్వయం. పోయిన నెల 'గాలమునకుఁ జిక్కె కాకి యొకటి' పూరణలోనూ నీకిదే జబ్బు. అందులో వైశాఖంలో కాలువలో గాలం వేయించావు కూడా. కాలువలకు నీళ్లు కట్టేసే రోజుల్లో గాలమేంటి?

వశిష్ఠరేవు:
కట్టేశాకే అసలు వేట. వంతెనల కింద, తూముల దగ్గర గుంటల్లో నీళ్లు నిలుస్తాయి. చేపలన్నీ అక్కడికే చేరతాయి. వానపాము ఎర్ర గుచ్చిన గాలం గట్టున పెడితే కాకి ముక్కు పెట్టదా?

లాకులమావయ్య:
గుంటలో గాలం ఎవడు వేస్తాడు? ఊత, అదే వెదురు బుట్ట, వేస్తారు, లేకపోతే బురదలో దిగి చేత్తో తడిమి పడతారు. మా చిన్నప్పుడు వేసవి సెలవులన్నీ అందులోనే పోయేవి. మోకాళ్ల దాకా బురద, ఇంటికెళ్తే తిట్లు.

నిర్వాహకుడు:
కాకి సంగతి పోయిన నెలే తేల్చాం. పద్యానికి రండి.

గౌతమిగట్టు:
వచ్చాను. తప్పు పట్టి ఊరుకోను. మూడో పాదం మొదలు ఇలా మారిస్తే అన్వయం తిన్నగా నడుస్తుంది:

కోటిపల్లి కడను గూరుకుపోయెను
పంటు మేటలందు, పారు నీరు
చెంబు ముంచుటకును శివరాత్రి తిథి నుత్స
వాన లేదు గాని వరద వచ్చె

వశిష్ఠరేవు:
చెంబు నాకిచ్చేయ్. శ్రావణం పోయినా ఫరవాలేదు, వరద అనగానే శ్రావణమో భాద్రపదమో చదివేవాడే తెచ్చుకుంటాడు.

లాకులమావయ్య:
ఇద్దరూ కలిసి రాసినట్టే వేయండి. ఈ వారానికి నా ఓటు దీనికే. పులస రెండోది.