నాకింగ్ పట్టుకోవాలంటే ఎగ్జాస్ట్ టెంపరేచర్ మీటర్ చాలా, సెన్సార్ ఉండాల్సిందేనా?

కడప_ఘాట్:
మాది నాలుగు సిలిండర్ల పాత కార్బురేటర్ కారు, నాకింగ్‌ను పసిగట్టే నాక్ సెన్సార్ లేదు. నిండా మనుషులతో గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు టాప్ గేర్‌లో లాగితే ఇంజిన్ కటకటలాడుతోంది. పొగ బయటికెళ్లే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కు టెంపరేచర్ మీటర్ పెడతానని, వేడి పెరిగితే నాకింగ్ ఉన్నట్టేనని మెకానిక్ అంటున్నాడు. పెట్టించమంటారా?

కర్నూలు_గ్యారేజ్:
వద్దన్నా. స్పార్క్‌తో మొదలైన మంట చేరకముందే, మూలన మిగిలిన పెట్రోల్-గాలి మిశ్రమం తనంతట తానే అంటుకోవడమే నాకింగ్. ఆ అదురుకు సిలిండర్ గోడలను అంటిపెట్టుకుని ఉండే గ్యాస్ పొర చెదిరి, వేడి పిస్టన్‌లోకి, హెడ్‌లోకి దిగిపోతుంది. అందుకే బయటికెళ్లే పొగ వేడి చాలాసార్లు తగ్గుతుంది. ముల్లు దిగిందని మీరు ధీమాగా తొక్కుతుంటారు, లోపల పిస్టన్ దెబ్బతింటూ ఉంటుంది. అదే టైమింగ్ వెనక్కి తిప్పితే, అంటే స్పార్క్ కాస్త ఆలస్యంగా పడేలా చేస్తే, నాకింగ్ ఆగుతుంది, ఎగ్జాస్ట్ వేడి మాత్రం పెరుగుతుంది. మీ మెకానిక్ లెక్క అక్కడే తప్పింది.

అనంతపురం_టర్బో:
మీటర్‌ను అంత తేలిగ్గా తీసేయకండి. సెన్సార్ వినేది అదురునే. 80 మి.మీ. బోర్ (సిలిండర్ లోపలి వ్యాసం) ఇంజిన్‌లో నాకింగ్ సుమారు 7 కిలోహెర్ట్జ్ దగ్గర మోగుతుంది, వాల్వులను కదిపే ట్యాపెట్ల చప్పుడు కూడా అందులో కలుస్తుంది. ఒక సిలిండర్‌కు పెట్రోల్ తక్కువ అందుతోందని ముందే తెలిసేది ఒక్కో సిలిండర్ పొగ బయటికొచ్చే పోర్టుకు విడిగా పెట్టిన, వేడి కొలిచే థర్మోకపుల్‌తోనే. బెంగళూరు హైవే మీద టర్బో బండిని గంటసేపు తొక్కేవాడికి అది లేకపోతే టెన్షనే.

కర్నూలు_గ్యారేజ్:
ఒక్కో పోర్టుకు పెడితే నేనూ కాదనను. ఈయనకు పెట్టేది నాలుగు పోర్టులూ కలిసే చోట ఒక్కటే కదా! ఒక సిలిండర్ కష్టం మిగతా మూడింటి వేడిలో కలిసిపోతుంది. ట్యాపెట్ల సంగతంటారా, పిస్టన్ పైకొచ్చి దిగడం మొదలుపెట్టిన కాసేపే ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) సెన్సార్ మాట వింటుంది, మిగతా చప్పుడు పట్టించుకోదు. ఇంకోటి, మిశ్రమం పలచబడేకొద్దీ, అంటే అందులో పెట్రోల్ పాలు తగ్గేకొద్దీ, ఎగ్జాస్ట్ వేడి ఒక హద్దు దాకా పెరిగి, ఆ తర్వాత తగ్గుతుంది. కాబట్టి ఒకే రీడింగ్‌కు రెండు అర్థాలుంటాయి.

కడప_ఘాట్:
మరి ఈసీయూ లేని నా బండికి దారేది?

కర్నూలు_గ్యారేజ్:
ముందు స్పార్క్‌ను సిలిండర్లకు పంచే డిస్ట్రిబ్యూటర్‌ను టైమింగ్ లైట్‌తో సరిచూపించండి, లోడును బట్టి స్పార్క్‌ను ముందుకు జరిపే వాక్యూమ్ అడ్వాన్స్ కూడా. ఇప్పుడు బంకులో పోసేది 20 శాతం ఇథనాల్ పెట్రోల్. దాని ఆక్టేన్ (నాకింగ్‌ను తట్టుకునే గుణం) ఎక్కువే, కానీ కార్బురేటర్ దానికి తగ్గట్టు సర్దుకోలేదు, మిశ్రమం పలచబడుతుంది. కార్బురేటర్‌లో పెట్రోల్ వచ్చే సన్న రంధ్రం, అదే జెట్, చూడాల్సిందే. ఘాట్‌లో కటకట మొదలవగానే గేర్ దించండి.

అనంతపురం_టర్బో:
ఈ పనులతో నాకూ పేచీ లేదు. సెన్సార్ సంకేతాన్ని చదివే, విడిగా దొరికే మాడ్యూల్ తెచ్చుకుంటే సెన్సార్‌ను ఇంజిన్ బ్లాక్‌కు రెండో, మూడో సిలిండర్ల మధ్య నేరుగా బిగించండి, కింద వాషర్ వద్దు. బోల్టు కంపెనీ చెప్పిన టార్క్‌కే (బిగింపు బలానికే) బిగించాలి, తేడా వస్తే సెన్సార్ సరిగ్గా వినదు. టర్బో బండికి మాత్రం నేను థర్మోకపుల్ తీయను.