గోల్‌కీపర్ అవుతానంటున్న మా అబ్బాయికి దారి చెప్పగలరా?

అందరికీ నమస్కారం. మాది తిరుపతి. మా అబ్బాయికి 15 ఏళ్లు, పదో తరగతి. రోజూ పొద్దున్నే ఎస్వీ యూనివర్సిటీ వైపు గ్రౌండ్‌కి వెళ్లి ఫుట్‌బాల్ ఆడతాడు, గోల్‌కీపర్‌గా.

వాడికి భారత గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ సింగ్ సంధు అంటే ప్రాణం. నార్వేలో స్టాబెక్ క్లబ్‌కి ఆడి, 2017లో బెంగళూరు ఎఫ్‌సీకి వచ్చాడని ఇంట్లో ఎన్నిసార్లు చెప్పాడో! గోల్‌కీపర్లు ఎక్కువ కాలం ఆడతారని, ఇటలీ బఫన్ 45 ఏళ్లకు 2023లో రిటైరయ్యాడని నాకే ధైర్యం చెబుతాడు.

నా టెన్షన్ వేరు. ఇక్కడ కోచ్ అందరికీ కలిపి నేర్పిస్తారు. గోల్‌కీపర్‌కి విడిగా ఎవరూ లేరు. పోయిన నెల డైవ్ చేసి మణికట్టు మీద పడ్డాడు. వాపు తగ్గడానికి మూడు వారాలు పట్టింది. ఒళ్లు నొప్పించుకోకుండా పడటం కూడా నేర్చుకోవాల్సిన విద్యే కదా, అది ఎవరు నేర్పుతారు?

వాడి ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు. 7.32 మీటర్ల వెడల్పు, 2.44 మీటర్ల ఎత్తున్న గోల్‌కి ఇది చాలుతుందా? చెన్నై, బెంగళూరు అకాడమీల్లో ఈ వయసు వాళ్లకి ట్రయల్స్ ఎలా ఉంటాయి? పదో తరగతి పరీక్షలయ్యాక పంపితే ఆలస్యమవుతుందా? పిల్లల్ని అలా పంపినవాళ్లు, స్వయంగా గోల్‌కీపర్‌గా ఆడినవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి. చదువు మాన్పించకుండా ఎలా నెట్టుకొచ్చారో కూడా రాయండి.