అప్‌డేట్: అమ్మ క్యాల్షియం మాత్ర కరుగుతోందా?

అమ్మ వేసుకునే క్యాల్షియం మాత్ర కడుపులో అసలు కరుగుతోందా, అలాగే బయటికి పోతోందా అని నెల క్రితం అడిగాను. వెనిగర్‌లో వేసి చూడమన్నవారికి ధన్యవాదాలు. చూశాను.

అర గ్లాసు వెనిగర్‌లో మాత్ర వేసి, గడియారం ముందు పెట్టుకుని కూర్చున్నాను. మధ్యమధ్య చెంచాతో కలిపాను. ముందు పైపూత పొరలా ఊడింది, తర్వాత చుట్టూ సన్నటి బుడగలు లేచాయి. 20 నిమిషాలకు అడుగున తెల్లటి పిండి మిగిలింది. మాత్ర నిర్దోషి!

మరి తప్పెక్కడ? డాక్టరు గారు మాత్ర సంగతి వదిలేసి అమ్మ మందుల డబ్బా మొత్తం అడిగారు. అందులో రోజూ పరగడుపున వేసుకునే పాంటోప్రజోల్ ఉంది. అమ్మ మాత్రలో ఉన్నది క్యాల్షియం కార్బొనేట్. దాన్నుంచి క్యాల్షియం విడివడాలంటే ఆమ్లం కావాలి. అమ్మేమో ఆమ్లాన్ని తగ్గించే మందు వేసుకుని, క్యాల్షియాన్నీ ఖాళీ కడుపుతోనే మింగుతోంది. వెనిగర్ గ్లాసులో ఉన్న పులుపు ఆమె కడుపులో లేదన్నమాట.

ఇప్పుడు క్యాల్షియం సిట్రేట్ అనే ఇంకో రకానికి మార్చారు. దానికి ఆమ్లంతో అంత పని లేదు. కాకపోతే 1250 మి.గ్రా. కార్బొనేట్‌లో 500 మి.గ్రా. క్యాల్షియం ఉంటే, అంతే బరువు సిట్రేట్‌లో సుమారు 260 మాత్రమే. అందుకే మాత్రలు ఎక్కువయ్యాయి, అమ్మ సణుగుడూ ఎక్కువైంది. ఐరన్ మాత్రను వేరే పూటకు జరిపారు. రెండూ కలిసి పడితే ఐరన్ సరిగా ఒంటబట్టదట.

అన్నట్టు, ఎంటెరిక్ పూత ఉన్న మాత్రలకు ఈ వెనిగర్ పరీక్ష పనికిరాదు. అవి ఆమ్లంలో కరగకుండా పేగుల దాకా వెళ్లేలా చేసినవే.