విండోస్ షేర్‌ని టెర్మినల్ నుంచి తెరవాలంటే మౌంటా, ఎస్‌ఎంబీక్లయింటా?

కొత్త_ఉబుంటు: ఆఫీసు విండోస్ సర్వర్‌లో ఒక షేర్ (నెట్‌వర్క్‌లో అందరూ వాడే ఫోల్డర్) ఉంది. ఉబుంటు నుంచి రోజూ నాలుగైదు ఎక్సెల్ ఫైళ్లు కావాలి. ఈ మెషీన్‌ని నాతోపాటు మరో ముగ్గురు వాడతారు. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో (బూట్ అయ్యేటప్పుడు ఏ డిస్కులు, షేర్లు కలపాలో రాసే ఫైల్) రాసి మౌంట్ చేసుకోమని, అంటే మెషీన్‌లో ఫోల్డర్‌లా కలుపుకోమని ఒకరు, ఎస్‌ఎంబీక్లయింట్ (షేర్‌లోంచి ఫైళ్లు తెచ్చే టెర్మినల్ కమాండ్) చాలని ఇంకొకరు అంటున్నారు. ఏది మేలు?

సర్వర్_సుబ్బడు: మౌంటే. విండోస్ షేర్లు మౌంట్ చేసే సీఐఎఫ్‌ఎస్ యుటిల్స్ ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసి ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ఒక్క లైను రాస్తే చాలు, ఇక అది మామూలు ఫోల్డరే. సీపీ, గ్రెప్, ఆర్‌సింక్ లాంటి కమాండ్లన్నీ నడుస్తాయి. ఎస్‌ఎంబీక్లయింట్ అంటే పాతకాలం ఎఫ్‌టీపీలా గెట్ (ఫైల్ దించడానికి), పుట్ (ఎక్కించడానికి) కొట్టుకుంటూ కూర్చోవడమే.

నల్లతెర: ఆ ఒక్క లైనులోనే పాస్‌వర్డ్ కూడా రాసేస్తారు. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌ని మెషీన్‌లో ఎవరైనా చదవొచ్చు.

సర్వర్_సుబ్బడు: క్రెడెన్షియల్స్ ఫైల్ (యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఉండేది) విడిగా పెట్టి, రూట్ (అడ్మిన్) పేరిట 600 పర్మిషన్ ఇస్తే ఇంకెవడు చదువుతాడు?

ఇడ్లీ_కెర్నల్: ఎఫ్‌ఎస్‌ట్యాబ్ లైనులో నోఫెయిల్ (షేర్ దొరక్కపోయినా బూట్ ఆగొద్దనే ఆప్షన్) కూడా రాసుకోండి. నేను మర్చిపోయి ల్యాప్‌టాప్ ఇంటికి తెచ్చాను. దొరకని షేర్ కోసం వెతుకుతూ లాగిన్ తెర రావడానికి నిమిషం పైనే పట్టింది.

నల్లతెర: 600 ఎంతమంది ఇస్తారండీ? పాస్‌వర్డ్ సంగతి తేల్చండి ముందు.

సర్వర్_సుబ్బడు: పాస్‌వర్డ్, పాస్‌వర్డ్! మీలాంటి వాళ్లు పొద్దున గెట్ కొట్టి ఫైల్ దించుకుంటారు, సాయంత్రం పుట్ కొడతారు. మధ్యలో అకౌంట్స్ వాళ్లు నింపిన వరసలన్నీ గల్లంతు. బ్యాకప్‌లోంచి వెతికి తీసేది నేను. మీరు కాదు.

నల్లతెర: సరే, నా గోడూ వినండి. పోయినేడాది ఇలాగే మౌంట్ చేసిన షేర్‌లో ఒక ఫోల్డర్ ఎగిరిపోయింది. మెషీన్ వాడేది ఆరుగురు. సెటప్ చేసింది నేను కాబట్టి క్రెడెన్షియల్స్ ఫైల్‌లో పేరు నాది. సర్వర్ లాగ్ చూస్తే ఆ ఫోల్డర్ తుడిచింది కూడా నేనే! ఆ రోజు నేను లీవులో, తిరుమలలో క్యూలో ఉన్నా. ఫోన్ డిపాజిట్ కౌంటర్లో ఉంది. దర్శనమై తీసుకుంటే 23 మిస్డ్ కాల్స్.

ఇడ్లీ_కెర్నల్: అయ్యో. లడ్డూలైనా దొరికాయా?

సర్వర్_సుబ్బడు: అది మౌంట్ తప్పు కాదు. మల్టీయూజర్ ఆప్షన్ పెట్టి, కెర్బెరోస్ (ఆఫీసు నెట్‌వర్క్‌లో ఎవరెవరో గుర్తించే పద్ధతి) టికెట్‌తో ఎవరి పేరున వాళ్లు వెళ్లేలా చేయాల్సింది. కెర్బెరోస్ లేకపోతే సీఐఎఫ్‌ఎస్‌క్రెడ్స్ కమాండ్‌తో ఎవరి పాస్‌వర్డ్ వాళ్లు ఇచ్చుకోవచ్చు.

నల్లతెర: ఇందాక "ఒక్క లైను" అన్నారు!

సర్వర్_సుబ్బడు: ఎంతమంది వాడతారో చెబితే కదా.

నల్లతెర: మొదటి పోస్టులోనే ఉంది. మరో ముగ్గురని.

సర్వర్_సుబ్బడు: ...చూడలేదు. అయితే మల్టీయూజర్ లేకుండా మౌంట్ చేయకండి.

కొత్త_ఉబుంటు: ప్రస్తుతానికి ఎస్‌ఎంబీక్లయింట్‌తో, నా పేరునే తెచ్చుకుంటున్నా. ఫైల్ పేరులో స్పేస్ ఉంటే గెట్ తీసుకోవట్లేదు, ఏం చేయాలి?

నల్లతెర: పేరుని డబుల్ కోట్స్‌లో పెట్టండి.