తుపాను నిధులు కేబుళ్లకా, సబ్‌స్టేషన్లకా?

భీమిలి కుర్రోడు
2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వైజాగ్‌ని ఊడ్చేసింది. ఆ తర్వాత ప్రపంచ బ్యాంకు అప్పుతో నగరంలో కరెంటు లైన్లను భూమిలోకి దించడం మొదలుపెట్టారు. కోస్తా పట్టణాలన్నిటికీ అదే చెయ్యాలంటాను. స్తంభమే లేకపోతే గాలికి పడేదేముంది? సబ్‌స్టేషన్లకి ఇంకా పొయ్యడం దండగ. కాదనేవాళ్లుంటే చెప్పండి.

రిటైర్డ్ ఏఈ
నేను కాదంటాను. నీ కేబుల్ మొదలయ్యేది ఎక్కడ బాబూ? 33 కేవీని (అంటే 33 వేల వోల్టుల్ని) 11 కేవీకి దించే సబ్‌స్టేషన్‌లోనేగా! అది పడుకుంటే భూమిలో కేబుల్ ఎంత భద్రంగా ఉండి ఏం లాభం?

పైగా తుపాను ఎప్పుడో వస్తుంది, ఉప్పుగాలి రోజూ వీస్తుంది. వానల్లేని నెలల్లో ఇన్సులేటర్ల మీద, అంటే తీగల్ని పట్టుకుని కరెంటు కిందికి పారకుండా ఆపే డిస్కుల మీద, ఉప్పు పేరుకుంటుంది. పొడిగా ఉన్నంతసేపూ ఏమీ కాదు. చలికాలం మంచు పడిందంటే ఆ పొర తడిసి కరెంటుకి దారి ఇచ్చేస్తుంది. తెల్లవారుజామున యార్డులో నిలబడితే చిటపటలు వినపడతాయి. డిస్కుల మీద నీలం మెరుపులు పాకుతుంటాయి. కాసేపటికి బ్రేకర్ (ఫాల్ట్ వస్తే లైను తెంచే స్విచ్) ట్రిప్. జోరువాన కడిగేస్తుంది గానీ సన్న తుంపర మహా ప్రమాదం. సిలికాన్ పూత వేస్తేనో, ఒడ్డుకి తగ్గ పొడవాటి ఇన్సులేటర్లు పెడితేనో చాలావరకు తగ్గుతుంది. స్థలం కరువైన నగరంలో అయితే గ్యాసు నింపిన పెట్టెల్లో స్విచ్‌గేరంతా, అంటే బ్రేకర్లూ స్విచ్చులూ అన్నీ, గదిలోనే పెట్టెయ్యొచ్చు. ఖరీదెక్కువ, నిజమే.

చెరువుగట్టు
వైజాగ్ సంగతి సరేనండి. పశ్చిమ గోదావరిలో రొయ్యల చెరువులకి భూమిలో కేబుల్ ఎవరేస్తారు? రాత్రిపూట నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగితే తెల్లారేసరికి రొయ్య తేలిపోద్ది. జనరేటరుకి డీజిలు పోసేవాడికి తెలుసు ఆ బాధ. మా సబ్‌స్టేషనుకి వచ్చే 33 కేవీ లైను ఒక్కటే. ఆ గ్యాసు పెట్టెలు మాకొద్దు, ఇంకో పక్క నుంచి రెండో లైను ఇప్పించండి చాలు.

భీమిలి కుర్రోడు
రెండో లైను ఒప్పుకుంటా. కానీ ఏఈ గారూ, 2018 తిత్లీ తుపాను అప్పుడు శ్రీకాకుళం ఉద్దానంలో చూశాంగా. సబ్‌స్టేషన్‌కి కరెంటొచ్చినా ఊళ్లకి రావడానికి రోజులు పట్టింది. మధ్యలో స్తంభాలేవి?

రిటైర్డ్ ఏఈ
ఆ మాట కాదనను. అయితే 2012లో న్యూయార్క్ చూడు. దిగువ మన్‌హాటన్‌లో లైన్లన్నీ భూమిలోనే. శాండీ తుపాను ఉప్పెన నది ఒడ్డు సబ్‌స్టేషన్‌లోకి ఎక్కింది, ఆ పక్కంతా చీకటి. అందుకే ముందు కంట్రోల్ రూమ్ నేల ఎత్తు పెంచమంటాను. బ్యాటరీలు మునిగితే ఫాల్ట్‌ని కనిపెట్టే రిలేలు పనిచెయ్యవు, బ్రేకర్‌కి ట్రిప్ ఆర్డరే అందదు. కేబుల్ జాయింట్‌లోకి నీళ్లు దిగితే ఆ ఫాల్ట్ వెతకడానికి వ్యాను రావాలి, రోడ్డు తవ్వాలి. పడ్డ స్తంభమైతే లైన్‌మన్‌కి ఎదురుగా కనిపిస్తుంది.

రైతుగారూ, అర్జీలో 'రెండో లైను' అని ఊరుకోకండి. వేరే 132 కేవీ సబ్‌స్టేషన్ నుంచి, వేరే దారిన రావాలని రాయండి. లేదంటే అవే స్తంభాల మీద ఇంకో సర్క్యూట్ లాగి ఇచ్చేశామంటారు. ఒక్క చెట్టు పడితే రెండూ పోతాయి.

చెరువుగట్టు
కరెంటాఫీసోళ్లు గీసిన ప్లాను సరిగ్గా అదేనండి, అవే స్తంభాల మీద ఇంకో సర్క్యూట్. రేపే వెళ్లి అడుగుతా.