అబాకస్ (Abaqus) సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌ల ప్లాస్టిక్ టేబుల్ ఎర్రర్ ఇస్తాంది

ప్రశ్న, హన్మకొండ:
అన్నా, మైల్డ్ స్టీల్ టెన్సైల్ టెస్ట్ (ముక్కను లాగి చూసే పరీక్ష) రీడింగులు ఉన్నదున్నట్టే టేబుల్‌ల పెట్టిన. మొదటి వరుస స్ట్రెస్ 250 మెగాపాస్కల్, స్ట్రెయిన్ (అసలు పొడవుల ఎంత వంతు సాగిందో) 0.00125. జాబ్ మొదట్లనే ఆగిపోతాంది.

జవాబు, కాజీపేట:
తమ్మీ, ఆ కాలమ్‌ల మొత్తం స్ట్రెయిన్ కాదు, ప్లాస్టిక్ స్ట్రెయిన్, అంటే లోడ్ తీసినా మిగిలిపోయే సాగుడు ఇయ్యాలె. మొదటి వరుసల అది సున్నానే. నీ 0.00125 అంతా ఎలాస్టిక్ భాగం (లోడ్ తీస్తే పోయేది), 250ని స్టీల్ మాడ్యులస్ 200000 మెగాపాస్కల్‌తో భాగిస్తే వచ్చేదే.

ఇంకోటి, మెషీన్ ఇచ్చేది ఇంజనీరింగ్ విలువలు, అంటే ముక్క మొదటి కొలతల మీద లెక్కగట్టినవి; టేబుల్‌కు ట్రూ విలువలు గావాలె. స్ట్రెస్‌ను 1 + స్ట్రెయిన్‌తో గుణిస్తే ట్రూ స్ట్రెస్. 1 + స్ట్రెయిన్‌కు సహజ లాగరిథం తీస్తే ట్రూ స్ట్రెయిన్. 400 మెగాపాస్కల్, 0.10 దగ్గర చూడు: 440, 0.0953. దాంట్లకెళ్లి 440/200000, అంటే 0.0022 తీసెయ్. టేబుల్‌ల 440, 0.0931 రాయి.

మోడల్ మిల్లీమీటర్లల్ల ఉంటే మాడ్యులస్ 200 అని కొట్టకు, అది గిగాపాస్కల్; 200000 అని కొట్టు. చానామంది ఈడనే బోల్తా పడతరు.

జవాబు, కరీంనగర్:
గరిష్ఠ లోడ్ దాకనే ఈ సూత్రాలు. నెక్కింగ్ (ముక్క ఒక్కచోట సన్నబడుడు) మొదలైనంక స్ట్రెయిన్ ఒక్కచోటనే పోగవుతది, లెక్క తప్పుతది. ఆఖరి వరుస దాటితే అబాకస్ స్ట్రెస్‌ను పెంచదు, అట్లనే పట్టుకుంటది. నీ పార్టుల స్ట్రెయిన్ అంతకంటే ఎక్కువ పోతే కర్వ్‌ను పొడిగించాలె.

ప్రశ్న అడిగినాయన:
సున్నా పెట్టంగనే నడిచింది. గరిష్ఠ ప్లాస్టిక్ స్ట్రెయిన్ 0.04, టేబుల్ లోపలనే ఉంది.