కొత్త గాస్కెట్ వేయించినా పొగ లీకు ఆగడం లేదు (పాత మారుతి 800)

ప్రశ్న (కావలి నుంచి):
పెద్దలకు నమస్కారం. మా ఇంట్లో 1998 నాటి కార్బురేటర్ మారుతి 800 ఉంది. ఉదయం స్టార్ట్ చేయగానే ఇంజను దగ్గర టిక్ టిక్‌మని చప్పుడు వస్తుంటే, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (సిలిండర్ల పొగను సైలెన్సర్ గొట్టంలోకి చేర్చే భాగం) ప్యాకింగ్, అంటే గాస్కెట్, పోయిందని మెకానిక్ చెప్పగా రెండు వారాల క్రితం కొత్తది వేయించాను. పది రోజులు బాగానే నడిచింది గానీ, నెల్లూరు వెళ్లి వచ్చిన మరునాడు మళ్లీ అదే చప్పుడు మొదలైంది. ఇంజను వేడెక్కాక తగ్గిపోతోంది. నట్లు మరికాస్త బిగిస్తే సరిపోతుందా, లేక సిలికాన్ పేస్టు పూసి మరో గాస్కెట్ వేయించాలా?

జవాబు (ఒంగోలు నుంచి):
అయ్యా, నట్లను ఇంకా బిగించవద్దని ముందుగా నా మనవి. చల్లగా ఉన్నప్పుడు వచ్చే చప్పుడు వేడెక్కాక తగ్గుతోందంటే, వేడికి వ్యాకోచించిన మానిఫోల్డ్ ఆ సందును కాసేపు మూస్తోందన్నమాట. కాబట్టి నేనైతే కొత్త గాస్కెట్‌ను అనుమానించే ముందు అది కూర్చునే ముఖాన్నీ, స్టడ్లనూ (ఇంజను పైభాగమైన హెడ్డులోకి దిగి, నట్లు పట్టే మరల కడ్డీలు) చూస్తాను. సముద్రపు గాలి తగిలే ఊళ్లో ఇన్నేళ్లున్న బండిలో తుప్పు పట్టిన స్టడ్డును బలవంతంగా తిప్పితే, అది అల్యూమినియం హెడ్డులోనే విరిగి, చిన్న పని కాస్తా హెడ్డు విప్పే దాకా పోతుంది. సిలికాన్ పేస్టు ఆయిల్ చాంబరుకు పనికివస్తుందే తప్ప మానిఫోల్డ్ వేడికి నిలవదు.

ఇంజను పూర్తిగా చల్లారాక బ్లోయరుతో సైలెన్సర్ గొట్టంలోకి మెల్లగా గాలి పంపుతూ, అతుకుల మీద సబ్బునీళ్లు చల్లి చూడండి. బుడగలు వచ్చినచోటే లీకు. నల్లటి మసి చార కూడా ఆ చోటును పట్టిస్తుంది. మానిఫోల్డ్ విప్పాక దాని ముఖం మీద ఉక్కు స్కేలు అంచును ఆనించి, 0.1 మిల్లీమీటరు ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచని రేకు) ఎక్కడైనా దూరుతోందేమో చూడాలి. దూరితే ఎన్ని గాస్కెట్లు మార్చినా ప్రయోజనం ఉండదు, లేత్ షాపులో ఫేసింగ్ (ముఖాన్ని చదును చేయడం) చేయించవలసిందే. హెడ్డు వైపు పాత గాస్కెట్ ముక్కలను గ్రైండరుతో కాక, మొండి స్క్రేపరుతో ఓపికగా తీయించండి. అల్యూమినియం మీద పడిన గీత కొత్త లీకుకు దారి అవుతుంది.

పని పూర్తయ్యేవరకు బండిని మూసిన షెడ్డులో స్టార్ట్ చేయకండి, అద్దాలు వేసి పిల్లలను ఎక్కించుకోకండి. ఈ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు, ప్రాణాలు తీస్తుంది.

ప్రశ్న (కావలి):
మీరు చెప్పినట్లే చూశాను. బుడగలు చివరి సిలిండరు దగ్గర వస్తున్నాయి. అక్కడి నట్టు తిప్పితే స్టడ్డు కూడా దానితోపాటే ఊరికే తిరుగుతోంది.

జవాబు (ఒంగోలు):
అయితే మూలం దొరికినట్టే. హెడ్డులోని మరలు అరిగిపోయాయి. కంటి అంచనాతో రంధ్రం పెద్దది చేసి లావు బోల్టు దింపనివ్వకండి. హెలికాయిల్ (అరిగిన మరల చోట దింపే ఉక్కు తీగ చుట్ట) వేయగల పనివాడి చేత అదే సైజు మర మళ్లీ వేయించండి. వాడిన గాస్కెట్‌ను తిరిగి పెట్టకుండా కొత్తది తీసుకుని, మధ్య నట్టుతో మొదలుపెట్టి చివరలకు వెళుతూ మూడు విడతలుగా, బండి మాన్యువల్‌లో ఇచ్చిన టార్కుకే (బిగింపు బలానికే) బిగించాలి. రెండు మూడు రోజులు నడిచాక, ఇంజను చల్లగా ఉన్న ఉదయం పూట అదే టార్కుతో మరొక్కసారి సరిచూడమనండి.